తమ్ముడికి జీతమెంత

ఫ్రాన్సిస్‌టౌన్‌లో ఆ శనివారం పొద్దున్న కెనీల్వే పెనం మీద రొట్టెలు తిప్పుతూనే తమ్ముడికి చెప్పేసింది, తన సొమ్ము ఇక తానే చూసుకుంటానని. ముప్పై ఏళ్లు నర్సుగా చేస్తే వచ్చిన ఆరు లక్షల పులా అది. మదుపు సలహాదారైన మోదిరి ఆరేళ్లుగా దాన్ని ఫండ్లలో పెట్టి చూస్తున్నాడు.

మోదిరి టీ కప్పుని తన ఫండు కాగితాల బ్యాగు పక్కన పెట్టాడు. వచ్చే వారం కెనీల్వే కూతురు గొరాతా పెళ్లి మాటలు. మేనమామ పెద్దమనిషిగా కూర్చోకపోతే మగపెళ్లివాళ్లు గేటు దగ్గర్నించే వెనక్కి పోతారు.

"నమ్మకం లేని ఇంట్లో నేను పెద్దరికం చెయ్యలేనక్కా."

పెళ్లయ్యేదాకా ఆగమని గొరాతా తల్లిని బతిమాలింది. మామయ్య ఏనాడూ మనల్ని ఒక్క పులా అడగలేదు కదా అంది.

"అడగడు. లోపల్నించే కోసుకుంటాడు," అని కెనీల్వే ఫండు ఖర్చుల లెక్క రాసిన కాగితం కూతురి ముందు పడేసింది.

ఏడాదికి నూటికి మూడున్నర కోత. అందులో రెండు మోదిరికి, మిగతాది ఫండు కంపెనీకి. తానే ఫోన్లో చవక ఫండు కొనుక్కుంటే నూటికి అర. ఇరవై ఒక్క వేలెక్కడ, మూడు వేలెక్కడ? నష్టమొచ్చిన ఏడాది కూడా ఆ కోత ఆగదు. బిల్లు ఇంటికి రాదు, మేనమామను ధర ఎవరూ అడగరు. అలా అడగని ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నున్నాయో.

"మార్కెట్ పడినప్పుడు అంతా అమ్మేస్తానని ఏడ్చావు. ఆపిందెవరు?" అన్నాడు మోదిరి.

"నువ్వే. ఆ రోజు నీ మాట విలువైనదే. ఆ ఒక్క రోజుకి ఏటేటా పన్నెండు వేలా?"

గొరాతా కాగితం రెండుసార్లు చదివింది. ఇంటి రేకుల కోసం రిటైరయ్యాక కూడా అమ్మ ప్రైవేటు క్లినిక్‌లో డ్యూటీలు చేసింది. గొరాతా మోదిరి వైపు తిరిగింది.

"మీరు రాకపోతే నా పెళ్లి ఆగుతుంది మామయ్యా. ఆగనివ్వండి."

కెనీల్వే పర్సులోంచి ఐదు వందలు తీసి తమ్ముడి ముందు పట్టుకుంది. ఇకమీదట సలహా కావాలంటే పిలుస్తానని, పిలిచినప్పుడల్లా చేతికే ఇస్తానని చెప్పింది.

మోదిరి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అక్క దగ్గర డబ్బు తీసుకుంటానా నేను?"

ఆ మాట అతనికే వినబడింది. తల వంచుకున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ ఓదార్చలేదు.

చివరికి సొమ్ము అక్క చేతికి మార్చే ఫారం అడిగి తీసుకుని సంతకం పెట్టాడు.

"వచ్చే శనివారం ఎన్నింటికి రమ్మంటావక్కా?"

"తెల్లారకముందే రా," అంది కెనీల్వే. "మేనమామగా రా. ఆ బ్యాగు మాత్రం తేకు."