గొంతులో ఇసుక

నాగరాజు శవం నోటినిండా ఇసుక. పళ్లు రెండు విరిగాయి. మెడ వెనక మోకాలితో తొక్కిపెట్టిన కమిలిన గుర్తు.

అండమాన్‌లో రంగత్ దగ్గరి ఆ బీచ్‌కి పొద్దున్నే ఎస్సై పద్మిని చేరేసరికి జనం తీర్పు కూడా చెప్పేశారు. రాత్రి నాగరాజుతో అక్కడే తాగి గొడవపడిన చెల్లెలి మొగుడు చిట్టిబాబుని చితకబాదారు. మొదటి దెబ్బ అతని పెళ్లాం సాయిలక్ష్మిదే. అన్న శవాన్ని చూసి, రాయెత్తి మొగుడి తల పగలగొట్టింది.

చిట్టిబాబు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. బతికితే హత్యకేసు కాచుకుని ఉంది.

మర్నాడు పోస్ట్‌మార్టం అయ్యాక పద్మిని మళ్లీ బీచ్‌కి వచ్చింది. ఊరి జనం చుట్టూ మూగారు. చేతిలో రెండు గాజు గ్లాసులు, బాత్రూములు కడిగే యాసిడ్ సీసా.

"ఇంకేటి ఎంక్వయిరీ మేడమ్? ఆడే సంపీసినాడు," అన్నాడు కన్నారావు. నాగరాజుతో ఒకే బోటులో వేటకెళ్లేవాడు. చిట్టిబాబు పక్కటెముకలు విరగ్గొట్టింది అతనే.

"చంపుతుంటే చూశావా?"

"లేదు."

"రాత్రి ఎక్కడున్నావు?"

"ఇంటికాడే."

"సాక్షి?"

"ఒక్కణ్నే ఉన్నాను."

పద్మిని ఒక గ్లాసులో కాళ్లకింది ఇసుక వేసింది. రెండోదాంట్లో నాగరాజు గొంతులోంచి డాక్టరు తీసిన నెత్తుటి ముద్ద. రెండింట్లోనూ యాసిడ్ పోసింది. బుసబుసా పొంగాయి.

మొదటి గ్లాసులో ఇసుక మొత్తం కరిగిపోయింది. రెండోదాంట్లో అడుగున గోధుమరంగు రేణువులు మిగిలాయి.

"ల్యాబ్‌కి పంపేది పంపాను. ఇది మీరు చూడ్డానికి," అంది పద్మిని. "ఈ బీచ్ ఇసుకంతా పగడాల పొడి, గవ్వల పొడి. యాసిడ్‌లో కరుగుతుంది. నది ఇసుక కరగదు. నాగరాజు గొంతులో రెండూ కలిసున్నాయి. నెత్తుటిలో రంగు తెలియలేదంతే. మెయిన్‌ల్యాండ్ నుంచి నది ఇసుక తెప్పించుకుని ఇల్లు కట్టుకుంటున్నది ఈ ఊళ్లో ఎవరు?"

అందరూ కన్నారావు వైపు తిరిగారు. బార్జిలో వచ్చిన ఇసుకని టార్పాలిన్ కప్పి మరీ కాపలా కాసుకుంటున్నది అతనొక్కడే.

కన్నారావు పరిగెత్తాడు. పట్టుకుని నేలకేసి కొట్టారు. మూతి పగిలింది. పద్మిని లాఠీతో జనాన్ని వెనక్కి నెట్టింది.

"నిన్న ఒకణ్ని కొట్టారు, చాల్లేదా మీకు?"

కన్నారావు నెత్తురు ఉమ్మాడు. "జెట్టీ మీద అందరి ముందూ నాగరాజు నన్ను సెంప మీద కొట్టినాడు మేడమ్. ఆ రాత్రి ఇంటికి పోతంటే పట్టుకుని, నా ఇసక కుప్పలో మొకం కుక్కి, మెడ మీద మోకాలెట్టి కూకున్నాను. తర్వాత ఈడికి ఈడ్సుకొచ్చి నోట్లో ఇంకా కుక్కినాను. ఏదైనా ఇసకే గదా అనుకున్నాను."

పద్మిని ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి కానిస్టేబుల్.

ఆమె విని, సాయిలక్ష్మి దగ్గరికి వెళ్లింది. "నీ మొగుడికి స్పృహ వచ్చింది. తల పగలగొట్టింది ఎవరని అడిగారు. చీకట్లో తెలీలేదన్నాడట."

సాయిలక్ష్మి పద్మిని చెయ్యి పట్టుకుంది.

"సీకటేటి దీదీ? ఎండ మొకం మీదే ఉంది. నన్ను సూసినాడు. నా పేరెట్టి పిలిసినాడు."