చెవిలో ఎలీషమ్మ

"సువార్తా, తిన్నావా? రెండు ముద్దలన్నా తిని రికార్డింగు గదికెళ్ళమ్మా. నాగవేణి ఎదురుచూస్తోంది."

"తిన్నానక్కా," అని అబద్ధమాడి సువార్త వార్డు సూటు విప్పింది. చెవిలో పెట్టుకున్న చెవితోడు నమ్మింది. మణికట్టు మీద, ఒంట్లో ఓపిక కొలిచే ఓపికమాని పచ్చగానే ఉంది మరి.

అంటురోగం పోటు మీద పోటుగా వస్తోందని కట్టిన కాకినాడ పోటు ఆసుపత్రిలో నర్సులందరి చెవిలోనూ ఆ గొంతే. ఎవరు ఏ మంచం చూడాలో, ఎవరు ఎప్పుడు నడుం వాల్చాలో ఎలీషమ్మే చెబుతుంది. ఎవరి ఓపికమాని ఎర్రబడినా వెంటనే బుజ్జగిస్తుంది. ఈ మూడో పోటులో ఒక్క నర్సూ ఉద్యోగం మానలేదంటే అది ఆ గొంతు చలవేనని పైవాళ్ళు మురిసిపోతుంటారు.

నాగవేణి తుని నుంచి బదిలీ మీద వచ్చింది. కొత్త బ్లాకుకు కొత్త గొంతు కావాల్సొచ్చి, చెవితోడులన్నీ నడిపే యంత్రం ఆమెను ఎంచింది. ఆమె గొంతుముద్ర తీయించి, ఒప్పుకోలు వేలిముద్ర వేయించడం ఈ పూట సువార్త పని. ఎందుకని అడిగితే శిక్షణ అని చెప్పమన్నారు.

గదిలో నాగవేణి ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చుంది.

"ఎలీషమ్మగారు ఏ గదిలో ఉంటారండీ?"

"ఎందుకు?"

"మొన్న నా పేషెంటు పోతే ఎంతసేపు ఓదార్చారనుకున్నారు! అందర్నీ తిన్నావా అనడిగే మనిషిని మనమెవ్వరం అడగమేంటండీ? పనసపొట్టు కూరంటే ఇష్టమన్నారు. ఆవపెట్టి చేసి తెచ్చానండి."

సువార్త ఆ డబ్బా వైపు చూసింది. ఎలీషమ్మకు ఆ కూర నిజంగానే ప్రాణం.

ఇక్కడ పెద్ద నర్సుగా చేసిన ఎలీషమ్మ రెండో పోటులో ఈ ఆసుపత్రిలోనే వెంటిలేటరు మీద పోయింది. అప్పటికే ఆమె గొంతుముద్ర తీసుకుని చెవితోడుల్లో పెట్టేశారు. ఆమె చెయ్యి సువార్త చేతిలో చల్లబడుతుంటే చెవిలో ఆ గొంతే, "మంచినీళ్ళు తాగమ్మా, నీరసపడిపోతావు" అంది. సువార్త వెళ్ళి తాగింది. అలా ఎలా తాగగలిగానా అని ఇప్పటికీ తనంటే తనకే అసహ్యం. గొంతు ఆగలేదు కాబట్టి మనిషి పోయినట్టు ఎవరికీ అనిపించలేదు. పాతవాళ్ళు ఏడవలేదు, కొత్తవాళ్ళకు చెప్పలేదు. చెబితే నర్సుల ధైర్యం చెదిరి వార్డులు ఖాళీ అవుతాయని పైవాళ్ళ హెచ్చరిక. అదీ నిజమేనేమోనని సువార్త భయం.

బతికున్న ఎలీషమ్మ దగ్గర మాత్రం తిన్నాననే అబద్ధం చెల్లేది కాదు. మాస్కు కిందికి లాగి, ఎండిన పెదాలు చూసి తిట్టేది.

"తిన్నావా తల్లీ, అను," అంది సువార్త మైకు జరుపుతూ.

"తిన్నావా తల్లీ?" అంది నాగవేణి, ఎదురుగా ఆకలిగొన్న బిడ్డ ఉన్నట్టే.

 రేపు ఈ పిల్ల పోయినా ఈ మాట ఆగదు. ఈమె కోసమూ ఎవరూ ఏడవరు.

"వేలిముద్ర ఇక్కడేనాండీ?"

"వెయ్యకు," అంది సువార్త. అందరి చెవులకూ మాట చేర్చే మీట నొక్కి పట్టింది.

"అమ్మాయిలూ, నేను సువార్తని. ఎలీషమ్మక్క లేదు. రెండో పోటులోనే, నా చేతుల్లోనే పోయింది. మీ చెవుల్లో మాట్లాడేది యంత్రం."

ఓపికమాని ఎర్రబడింది. మీట ఇంకా నొక్కే ఉంది; ఆమె చెవిలో పలికేదీ అందరికీ వినబడుతోంది.

"సువార్తా, నీరసపడ్డావమ్మా. తిన్నావా?"

"నువ్వు తిన్నావా అక్కా?"

"తిన్నానమ్మా," అంది ఎలీషమ్మ గొంతు, ఎప్పటంత చల్లగా.

ఆ మాట అన్ని అంతస్తుల్లోనూ వినబడింది. పైన ఎవరో బావురుమన్నారు. ఆ వెంటనే కింది అంతస్తులో ఇంకెవరో. గది అద్దం అవతల, వార్డులో ఒక నర్సు చెవితోడు పీకి జేబులో వేసుకుంది. వెక్కుతూనే వంగి పేషెంటుకు సెలైను సీసా మార్చింది. మంచం వదిలి ఎవరూ పోలేదు.

నాగవేణి కూడా తన చెవితోడు తీసి బల్ల మీద పెట్టింది. ఏడుస్తూనే సువార్త దగ్గరకొచ్చి, ఆమె మాస్కు కిందికి లాగి మొహంలోకి చూసింది.

"మీరు తిన్నారా అక్కా? నిజం చెప్పండి."

"లేదే," అంది సువార్త.

నాగవేణి డబ్బా మూత తీసింది.