తుండుగుడ్డ కింద వెలుగు

"విరుదునగర్ నుంచి నాలుగు గంటల గూడ్స్. ఆరువందల మిరప బస్తాలు. ఒక్కదాంట్లో అణుబాంబు సరుకు," అన్నాడు చీఫ్ దామోదరసామి. "అది సముద్రం దాటి అవతలి ముఠా చేతికి చేరితే పోయేది మన ఉద్యోగాలు కాదు, ఊళ్ళు."

"బస్తాలన్నీ విప్పిస్తే?" ఏజెంట్ జెయకుమార్ అడిగాడు.

"రెండు రోజులు. ఘాటుకు ముందు మనం పోతాం. ఆ సరుకు న్యూట్రాన్లు చిమ్ముతుంది. కోవిల్‌పట్టిలో డాక్టర్ తాయమ్మాళ్‌ను కలువు."

అది 1998 మే. మూతబడ్డ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో తాయమ్మాళ్ ల్యాబ్. ఆమె నాలుగేళ్ళ కష్టం నల్లగుడ్డలో చుట్టి ఉంది: అప్పడమంత పల్చటి సింటిలేటర్ షీట్.

"న్యూట్రాన్ తగిలితే ఇది మిణుక్కుమంటాది తంబీ. ఆ మిణుకును ఈ ఫైబర్ తీగ కౌంటర్‌కు మోస్తాది. ఎండ సోకితే మాత్రం గంటలకొద్దీ ఇదే వెలుగుతా కూర్చుంటాది. ఇంక న్యూట్రాన్ మిణుకు ఎవురికి కనపడేది?"

"గుడ్డిదవుతుందన్నమాట."

"రేపటికి చూపొస్తాది. అప్పటికి గూడ్స్ ఉండదు."

పార్శిల్‌కు సీలు వేసి కొరియర్ వైష్ణవికి ఇచ్చింది. సిల్కు చీర, కూలింగ్ గ్లాసులు, ఆరు భాషలు. ఆమె రైల్లో తెస్తుంది. జెయకుమార్ బస్సులో పోయి, మిరప బ్రోకర్ వేషంలో అందుకోవాలి. పోతూంటే తాయమ్మాళ్ అతని చేతిలో ఒక స్టీలు డబ్బా పెట్టింది.

"మురుకులు. మూత తీయొద్దు, మెత్తబడతాయి."

బస్సులో డబ్బా ఊపి చూశాడు. మురుకుల చప్పుడు కాదు. తాయమ్మాళ్ మీద అనుమానం మొదలైంది.

మూడున్నర. విరుదునగర్ మండీ.

"గుండు మిరపా, సాంబ మిరపా?" అడిగాడు కోడ్ ప్రకారం.

"ఘాటుంటే చాలు అన్నా," అంది వైష్ణవి. సీలు చెక్కుచెదరలేదు. ఆమె ముక్కు మాత్రం ఎండకు కమిలి ఎర్రగా ఉంది. రైల్లో కిటికీ దించుకుని రావలసిన మనిషికి ఎండ ఎక్కడ తగిలింది?

తుమ్మొచ్చినట్టు జెయకుమార్ దళసరి తుండుగుడ్డ తలమీదికి లాక్కున్నాడు. పార్శిల్ లోంచి వచ్చిన ఫైబర్ కొసకున్న నల్లమూత తీశాడు. చీకట్లో నీలిచుక్క, మిణుగురులా. షీట్ ఎండ చూసింది! సీలు విప్పి మళ్ళీ వేసిందన్నమాట.

మండీలో ధర నోటితో చెప్పరు. తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని చెబుతారు. "బేరం ఆడదామా చెల్లీ?" అని గుడ్డ చాపాడు. వైష్ణవి నవ్వుతూ చెయ్యి పెట్టింది. క్లిక్. బేడీ పడింది.

"బేరం కుదిరింది," అన్నాడు.

"ఆలస్యంగా కుదిరింది," అందామె. "ఇరవై నిమిషాల్లో గూడ్స్ కదులుతుంది. నీ షీట్ గుడ్డిది."

ఆమెను కానిస్టేబుళ్ళకు ఒప్పజెప్పి, ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి తాయమ్మాళ్‌కు ఫోన్ కొట్టాడు. "అక్కా, షీట్‌కు ఎండ పెట్టేసింది!"

"డబ్బా తెరిచినావా?"

"లేదు."

"బతికించినావు. రెండో షీటు దాంట్లోనే ఉండాది. తుండు కిందే మూత తీసి, తుండు కిందే తగిలించు."

"ముందే చెప్పొచ్చుగా!"

"నిన్ను మాత్రం ఎట్ల నమ్మేది తంబీ?"

గూడ్స్ షెడ్. తుండు కిందే షీటు మార్చి బస్తాల వెంట నడిచాడు. మూడు యాభై తొమ్మిది. గార్డు పచ్చజెండా ఎత్తాడు. నాలుగొందల పన్నెండో బస్తా దగ్గర కౌంటర్ వడగళ్ళ వానలా టకటకలాడింది.

"ఆపండి!"

జెయకుమార్‌కు మెడల్ సిఫారసు వెళ్ళింది. అదే వారం కోవిల్‌పట్టి నుంచి హెడ్ ఆఫీసుకు టెలిగ్రామ్: "డబ్బా రాలేదు." సైఫర్ సెక్షన్ రెండు రోజులు తలలు బద్దలు కొట్టుకుంది. మూడోరోజు, ఇరుగుపొరుగుకు ఇచ్చిన ప్రతి స్టీలు డబ్బా లెక్క మరవని చీఫ్ భార్య కాళీశ్వరి ఒక్క చూపులో డీకోడ్ చేసింది.

డబ్బా రాలేదు.