చూడకుండా పెట్టిన సంతకం

ఆరేళ్ల కిందట, ఫిబ్రవరి నెలలో, డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న ఓ పిల్లకి అన్యాయం జరిగింది. ఎవరు ఏ కోర్సులు తీసుకోవాలో చూసి చెప్పాల్సిన మేష్టారు ఆమె ఫారం చదవకుండానే సంతకం గీకేశాడు. ఒక ల్యాబు తక్కువైంది. డిగ్రీ రాలేదు, దొరికిన ఉద్యోగం పోయింది. ఆ బెంగతోనే మంచం పట్టి పోయింది పిల్ల. మేష్టారికి మాత్రం ప్రమోషన్ వచ్చింది— అలాంటివాళ్లకి వస్తూనే ఉంటాయి!

అప్పట్నించీ మూడో అంతస్తు చివర ఆయన కూర్చున్న గదికి పేరు చెడింది. పొద్దుగూకాక అందులో ఎవరూ ఉండరు.

కొత్తగా వచ్చిన కెమిస్ట్రీ మేడమ్ ఉందట. ఆవిడా ఆ తానులో ముక్కే. యాభై ఎనిమిది ఫారాల మీద మధ్యాహ్నమే టకటకా సంతకాలు పడేసి, పరీక్షల విభాగానికి పంపేసింది. ఇప్పుడు ఆ గదిలోనే కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతోంది.

"చీకటి పడింది, లేవండమ్మా," అన్నాడు అటెండరు, గుమ్మం దాటకుండానే. "ఈ గది... మంచిది కాదు."

"దెయ్యమొస్తే దానికీ ఓ సంతకం పడేస్తాలే. నువ్వెళ్లవయ్యా!"

వెళ్లాడు. మనిషి నడిస్తే వెలిగే వరండా దీపాలు అతని వెనకే ఒక్కొక్కటీ ఆరిపోయాయి...

ఎనిమిదైంది.

"మేడమ్..."

తలెత్తింది. గుమ్మంలో ముఖం తెలియని ఓ అమ్మాయి. చేతిలో ఫారం. వెనక వరండా అంతా చీకటి— ఒక్క దీపమూ వెలగలేదు.

మేడమ్ ఫారం అందుకుంది. కింద తన సంతకమే!

"పెట్టాను... గా?"

"పెట్టారు." గుసగుసలాంటి గొంతు. "చూశారా?"

అప్పుడు చూసింది. క్లాసులో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్లది ఆ ఫారం. ఈ ఏడే డిగ్రీ చేతికి రావాల్సిన పిల్ల. అందులో ఒక ల్యాబు లేదు! దిద్దడానికి రేపే ఆఖరు రోజు.

దిద్దుతున్న ఎర్ర పెన్నుతోనే ల్యాబు పేరు రాసింది. తలెత్తేసరికి చేతిలో ఫారం లేదు. గుమ్మంలో ఎవరూ లేరు.

తెల్లారగానే పరీక్షల విభాగానికి పరిగెత్తింది.

"రాత్రి ఎవరైనా ఫారం తెచ్చిచ్చారా?"

"రాత్రేమిటమ్మా? మీ కట్ట నిన్ననే బీరువాలో పెట్టి తాళమేశా. తాళంచెవి ఇదిగో, నా జేబులోనే ఉంది," అని విసుక్కున్నాడు గుమాస్తా.

కట్ట విప్పించింది. పిచ్చుక ఫారం అందులోనే ఉంది. ల్యాబు పేరు— ఎర్ర సిరాతో, తన దస్తూరీతో.

నమ్మలేక రిజిస్టరు లాక్కుని నిన్నటి పద్దు చూసింది. కట్ట అందినది: నవంబరు పదకొండు, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు.