మూడో తారీఖు ప్యాచ్

విల్లియనూరు బస్టాండులో ప్రోగ్రామర్ పురుషోత్తమన్‌ను కత్తితో పొడిచారు. ప్రాణం పోయే ముందు కానిస్టేబుల్‌తో అతను ఒక్క మాటే అన్నాడు: "నలభై మూడు ప్యాచ్‌లలో ఒకటి విషం."

మర్నాడు మూడింటికి నిఘా డిపార్ట్‌మెంట్ ఏజెంట్ దొరబాబు కంప్యూటర్ మెకానిక్ వేషంలో లాస్‌పేటలోని తుఫాను హెచ్చరికల ల్యాబ్‌కు వచ్చాడు. అక్కడి ప్రోగ్రామ్‌లో తప్పు కనిపిస్తే ఎవరైనా ఉత్తరం రాయొచ్చు. దాన్ని సరిచేసే ప్యాచ్‌నూ పంపొచ్చు. అవన్నీ కలిపిన కొత్త టేపు ఐదింటి విమానంలో తూర్పు తీరం రేవులకు వెళ్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతోంది.

ల్యాబ్ పెద్ద వేదవల్లి కవర్ల గుట్ట ముందు కూర్చుని ఉంది. అతనెవరో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

"ఎవరు పంపినా కలిపేస్తారాండి?"

"ఊరికే యాడ కలుపుతాం సార్? ముందు కంప్లయింట్ రావాల. అర్జెంటుదా, ఆగేదా అని వేరు చేస్తాం. ప్యాచ్ వస్తే ఒకరు చదవాల, ఇంకొకరు నడిపి చూడాల. ఈసారి పురుషోత్తమన్ చూస్తా ఉన్నాడు. సగంలోనే..." ఆమె తల దించుకుంది. "తుఫాను తొందరలో అన్నీ కలిపేసినాం."

దొరబాబు ఒక్కో ప్యాచ్‌ను దాని కంప్లయింట్ పక్కన పెట్టసాగాడు. నాలుగుంపావు. నాలుగున్నర. ముప్పై ఏడో జత దగ్గర చెయ్యి ఆగింది.

"ఏంది సార్?"

"పోస్టు ముద్రలు చూడండి. కంప్లయింట్ ఐదో తారీఖుది. ప్యాచ్ మూడో తారీఖునే పోస్టయింది."

వేదవల్లి ఆ కాగితం చదివింది. మొహం పాలిపోయింది. "గాలి ఎనభై దాటితే ఇరవై అని చూపిస్తాది. పడవలన్నీ సముద్రంలోకి పోతాయి. టేపు మా ల్యాబ్ అంబుజం విమానానికి తీసుకుపోయింది సార్."

నల్ల కళ్లద్దాలు, షిఫాన్ చీర, ఖరీదైన సెంటు. అంబుజం విదేశీ ముఠా మనిషని డిపార్ట్‌మెంట్‌కు అనుమానం.

విమానాశ్రయం దాకా స్కూటర్ వేదవల్లే నడిపింది. నాలుగు యాభై ఎనిమిది. ప్రొపెల్లర్లు తిరుగుతున్నాయి. విమానం మెట్ల దగ్గర అంబుజం, ఆమె వెనకే ఆనుకుని ఒక విదేశీయుడు. దొరబాబు పెన్ను మూత నొక్కాడు. గ్యాస్ చిమ్మింది. విదేశీయుడు కూలాడు, కోటు చాటు నుంచి పిస్తోలు జారింది.

అంబుజం టేపును వేదవల్లి చేతిలో పెట్టింది. "కంప్లయింట్ లేని ప్యాచ్‌ను మీరు తీసుకోరని, దొంగ కంప్లయింట్ నాతో రాయించినారు అక్కా. ఎవరైనా కనిపెడతారని రెండు రోజులు ఆలస్యంగా పోస్ట్ చేసినా. నోరు తెరిస్తే చంపేస్తారు. పురుషోత్తమన్ కనిపెట్టినాడు. వాళ్లకీ తెలిసిపోయింది."

పాత టేపే వాడమని రేవులకు వైర్‌లెస్ వెళ్లింది.

"నేను గమనించకపోతే ఏం చేసేవారండి?" అడిగాడు దొరబాబు.

అంబుజం కళ్లద్దాలు తుడుచుకుంది. "విమానం ఎక్కినాక ఆలోచిద్దామనుకున్నా."