హరీబత్తీ జాగా

రాయపూర్‌లో తెలీబంధా దగ్గర, ధమ్తరీ వెళ్ళే చిన్నరైలు పట్టాల పక్కన ఓ ఖాళీ జాగా ఉండేది. చీకటి పడితే అక్కడ బండి ఆపేవాడు లేడు. అందరూ దాన్ని ‘హరీబత్తీ జాగా’, అంటే పచ్చదీపం జాగా, అనేవారు. ఒకప్పుడు ఎవడో లారీవాడు మాటమాత్రం అడక్కుండా అక్కడ లారీ నిలిపేశాట్ట. దాని చాటున వస్తున్న రైలు కనబడక, గేటు దగ్గర పనిచేసే రామయ్య పట్టాల మీద ప్రాణం వదిలాడు. అప్పట్నించీ ఏ బండి ఆగినా... చీకట్లో ఓ పచ్చదీపం ఊగుతుంది — వెళ్ళు, వెళ్ళు అని.

సూర్యారావు ఇదంతా విని నవ్వేశాడు. బతుకంతా రైలింజను నడిపి రిటైరైన మనిషి, దెయ్యాలకి జడుస్తాడా? యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన అంబులెన్సు కొని, లోపల మంచం, పొయ్యి, దేవుడి పటం అమర్చి ఇల్లులా చేసుకున్నాడు. భార్య దాలమ్మని పూరీ తీసుకెళ్ళాలని ఆశ. ఊళ్ళోవాళ్ళందర్నీ తిప్పాడు గానీ, పాపం, ఆవిణ్ణి ఎక్కడికీ తీసుకెళ్ళింది లేదు.

పూరీకి బయల్దేరిన సాయంత్రమే ఇంజను వేడెక్కి, సరిగ్గా ఆ జాగాలోనే ఆపేశాడు.

“జాగా ఎవులిదో! అడిగేరేటి?” అంది దాలమ్మ.

“ఖాళీ జాగాకి అడగడమేటే?”

“పోనీ చక్రాలకి రాళ్ళైనా ఎట్టండి. పల్లం పట్టాలకేసే ఉంది.”

“బ్రేకుంది గదా. పడుకో.”

ఆవిడ వెనక మంచం మీద పడుకుంది. ఆయన ముందు సీట్లోనే కాళ్ళు ముడుచుకుని ఒరిగాడు. ఆ నిర్లక్ష్యం తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అర్ధరాత్రి దాటింది. మెలకువ వచ్చింది... పూర్తిగా కాదు. ఎదురుగా చీకట్లో — పచ్చదీపం. మనిషి జాడ లేదు. దీపం మాత్రం నెమ్మదిగా ఊగుతోంది. అటూ... ఇటూ...

పచ్చదీపం కనబడితే ఆయన చెయ్యి ఎవర్నీ అడగదు. బ్రేకు వదిలేసింది.

బండి కదిలింది. చల్లగాలి మొహాన కొట్టేసరికి మత్తు దిగిపోయింది. ఎదురుగా పట్టాలు... పక్కనించి గూడ్సు కూత... వెనక దాలమ్మ గురక. కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయాయి.

అంతలో — పట్టాల పక్కన ఎర్రదీపం!

ఆయన కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. బండి కీచుమని ఆగింది. జానెడు దూరంలో గూడ్సు గడగడా వెళ్ళిపోయింది.

లాంతరు పట్టుకున్నది ఓ ముసలావిడ. వరహాలమ్మ. చనిపోయిన రామయ్య భార్య, పక్క గుడిసెలోనే ఉంటుంది.

సూర్యారావు బండి దిగాడు. “ఏటమ్మా ఇది? పచ్చదీపం ఊపిందీ నువ్వే... ఎర్రది చూపి ఆపిందీ నువ్వేనా?” అన్నాడు గుసగుసగా.

ఆవిడ లాంతరు ఆయన మొహం దగ్గరికి ఎత్తింది. ఎర్రగాజు పక్కన, పచ్చగాజు ఉండాల్సిన చోట — ఏమీ లేదు.

“మా ఆయన పోయిన్నాడే పగిలిపోనాది, బాబూ. ఈ జాగా మాది. ఒక్క మాట అడిగుంటే మా గుమ్మం ముంగటే పెట్టించుదును.”

“మరి... ఆ పచ్చదీపం?”

“ఆయన కోపం ఇంకా తీర్నేదు,” అంది ఆవిడ, తల దించుకుని.

అప్పుడే బండి వెనక కిటికీ తెరుచుకుంది. నిద్రమత్తు గొంతుతో దాలమ్మ అడిగింది —

“ఏటండీ... మన ఎనకాల ఆ పచ్చదీపం ఎవులు ఊపుతున్నారు?”