ద్వారబంధం మీది మూడో గీత

ఆదివారం ఉదయం పదిన్నరకు, తాత ఆడుకోడానికి చేసిన కొయ్య వంటగది ముందు మనవరాలు నిలబడింది. పొయ్యి గట్టు ఆమె తొడల దగ్గరికే వచ్చింది.

తాత వడ్రంగి. చేతులు వణకడం మొదలయ్యేదాకా ఇళ్లకు వంటగదులు అమర్చాడు. ఆయన లెక్క ఒకటే. గట్టు వండే మనిషి మోచేతికి నాలుగు వేళ్లు కిందుండాలి. ఎక్కువైతే భుజం, తక్కువైతే నడుము నొప్పెడుతుంది అనేవాడు.

ఈ వంటగదికి మనవరాలి పాత మంచం చెక్క వాడాడు. తిప్పితే టిక్కుమనే మీటలు పెట్టాడు. సింకు స్థానంలో స్టీలు గిన్నె దించాడు. అంచులను ఉప్పుకాగితంతో రుద్దుతుంటే నానమ్మ, తన అలమర తలుపు ఊడి ఏడాదైందని గుర్తు చేసింది.

కొలతకు పిల్ల ఇంట్లో లేదు. కోడలు మూడేళ్ల కిందట మొగుడితో గొడవపడి, మూడేళ్ల పిల్లను తీసుకుని వేరే కాపురం పెట్టింది. ఆ రోజు అత్తమామలు కొడుకు పక్షాన మాట్లాడారు. అప్పటినుంచి అటు ఫోన్ లేదు, రాకపోకలు లేవు. నెలకోసారి కొడుకు పాపను చూడ్డానికని వెళ్లి వస్తున్నాడు. కబురు తెచ్చేదీ, నానమ్మ అల్లినవి పట్టుకెళ్లేదీ అతనే.

పని మొదలుపెట్టే ముందు తాత కొడుకును ద్వారబంధం దగ్గరికి పిలిచాడు. దానిమీద పిల్ల మూడేళ్లప్పటి గీత ఉంది. ఇప్పుడు ఎంతుందో చూపించమన్నాడు. కొడుకు గీతకు రెండు వేళ్లు పైన వేలు పెట్టాడు. పెద్దగా ఎదగలేదన్నాడు.

"మీ వంశమే అంత" అంది నానమ్మ.

"మీవాళ్లెవరో ఆరడుగులున్నట్టు" అన్నాడు తాత. కొడుకు వేలు పెట్టినచోట పెన్సిలుతో రెండో గీత గీశాడు.

తర్వాతి వారం కోడలు ఫోన్ చేసింది. దూరానికి బదిలీ అయిందని, వెళ్లేముందు పాపను ఒకసారి తెస్తానని చెప్పింది. ఆదివారం లిఫ్టుల రిపేరు డ్యూటీ ఉందన్నాడు కొడుకు. తాత ఒప్పుకోలేదు. "నువ్వుంటే పిల్లకి బెదురుండదురా" అన్నాడు.

ఇప్పుడు పిల్ల తొడల దగ్గరే ఉన్న గట్టు చూసి, తన చేతులే తప్పాయనుకున్నాడు తాత. టేపు తెచ్చి కొలిచాడు. కొలత సరిగ్గానే ఉంది. "ఇలా రావే బుడంకాయా" అని పిల్లను ద్వారబంధానికి ఆనించాడు.

"నేను బుడంకాయని కాదు. ఒకటో తరగతి" అంది పిల్ల.

ఆమె తల రెండో గీతకు జానెడు పైన ఉంది. తాత ఆ ఎత్తున మూడో గీత గీసి, కొడుకు వైపు తిరిగాడు.

"నువ్వేగా వేలు పెట్టి చూపించావు."

"పిల్లలు ఎదుగుతారు నాన్నా. చెప్పి ఎదుగుతారా?"

"నెలలో జానెడా?"

వచ్చినప్పటినుంచీ నిలబడే ఉన్న కోడలు అప్పుడు మాట్లాడింది. "ఆయన దాన్ని చూసి మూడేళ్లవుతోంది మామయ్యా."

"అదేంటమ్మా" అంది నానమ్మ. "నెలనెలా మీ ఇంటికి వస్తున్నాడుగా. మొన్న ఎర్ర స్వెటర్ పంపాను. బిగుతైతే విప్పి అల్లుతానని కూడా చెప్పి పంపాను."

"నాకేదీ అందలేదు అత్తయ్యా. మీరే మమ్మల్ని వదిలేశారనుకున్నాను."

కొడుకు కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నాడు. మొదటిసారి వెళ్లినప్పుడు పాప తనను చూసి ఏడ్చి తల్లి వెనక దాక్కుందని చెప్పాడు. రెండోసారి మెట్ల దాకా వెళ్లాడు. ఆ తర్వాత బస్టాపులోనే కూర్చుని తిరిగొచ్చేవాడు. నానమ్మ ఇచ్చినవన్నీ ఆఫీసులో అట్టపెట్టెలో ఉన్నాయి.

"నేను తిరిగొచ్చేసరికి మీరు గుమ్మంలోనే కూర్చుని ఉండేవాళ్లు" అన్నాడు. "ఏం తిందిరా అని అడిగేవాళ్లు. ఏదో ఒకటి చెప్పాను. అది చెప్పాక ఇంకోటి చెప్పాల్సొచ్చింది."

"దాన్ని నీ మాటల్లోనే చూసుకున్నాంరా ఇన్నాళ్లు" అన్నాడు తాత. "అదీ లేదన్నమాట."

తాత టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వంటగది కాళ్లు పొడిగించి సాయంత్రానికల్లా ఇస్తానని కోడలితో అన్నాడు. రైలు ఒంటిగంటకని ఆమె చెప్పింది.

ఈలోగా పిల్ల వంటగది ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అలా కూర్చుంటే గట్టు ఆమె మోచేతికి నాలుగు వేళ్లు కిందుంది. తాత అది చూశాడు. పిల్ల మీట తిప్పి, గిన్నె పెట్టి, ఖాళీ కప్పుల్లో టీ పోసింది. ఒకటి తాతకిచ్చింది. ఒకటి నానమ్మకిచ్చి, ఊదుకుని తాగమంది. మూడోది చేతిలో పట్టుకుని తల్లి దగ్గరికి వెళ్లింది.

"ఆ అంకుల్‌కి కూడా ఇవ్వనా?"

"మీ నాన్న. ఇవ్వు" అంది కోడలు.

పిల్ల నాన్నా అని పిలవలేదు. కప్పు అతని పాదాల దగ్గర పెట్టి వెనక్కి జరిగింది. అతను వంగి, రెండు చేతులతో తీసుకుని పెదవులకు ఆనించాడు.

"చక్కెర సరిపోయిందా?" అని అడిగింది.

"సరిపోయింది" అన్నాడు. కప్పు దించలేదు. దాని వెనక ముఖం తడిసింది.

బయల్దేరేటప్పుడు కోడలు కొత్త ఇంటి అడ్రసు కాగితం మీద రాసి అత్తగారి చేతిలో పెట్టింది. మొగుడికి ఇవ్వలేదు. వంటగది రైల్లో పట్టదని పిల్లకు చెప్పింది. పిల్ల మీటలన్నీ ఆపి చెప్పులేసుకుంది.

సాయంత్రం కొడుకు అట్టపెట్టె తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఆమె ఎర్ర స్వెటర్ తీసి, మూడో గీత కింద ద్వారబంధానికి ఆనించి చూసింది. అది చాలదు. తాత వంటగదిని బోర్లా తిప్పి కాళ్లు ఊడదీశాడు. చేతులు వణికితే కొడుకు వచ్చి చెక్క పట్టుకున్నాడు. తాత వద్దనలేదు.

మర్నాటికి కాళ్లు పొడుగయ్యాయి. వంటగది ఇంకా హాల్లోనే ఉంది.